ప్రసాదు కొట్లోంచి తెచ్చిన సోఫా

చాలా ఏళ్లుగా నా గుండెల మీద ఒక సోఫా ఉంది. మెరూన్ రంగుది, ముగ్గురు కూర్చునేది. దించుకోవడానికి ఇవాళ మీరు దొరికారు. కాస్త ఓపిక పట్టండి.

జగ్గయ్యపేటలో నాది ప్లైవుడ్ హోల్‌సేల్. నందిగామలో ఫర్నిచర్ షాపు నడిపే ప్రసాదు నా దగ్గరే అరువుకి సరుకు తీసుకెళ్లేవాడు. ఒకరోజు మా లారీ డ్రైవరు వచ్చి, ప్రసాదు ఐపీ పెట్టబోతున్నాడని చెప్పాడు. తెలుసుగా, ఉన్నదంతా కోర్టుకి చూపించి ఇక నావల్ల కాదనడం. ఉన్నదాంట్లోనే అప్పులవాళ్లందరికీ వాటాలు. న్యాయమే. ఆ న్యాయం మొదలయ్యేలోపే నేను నందిగామలో వాలిపోయా. మా ఇంట్లో పెళ్లిచూపులున్నాయి, సోఫా ఒక్కరోజు ఇవ్వమని అడిగా. మా ఇంట్లో పెళ్లి కావాల్సినవాళ్లే లేరు. పాపం, ట్రాలీ ఆటోలోకి వాడే ఎక్కించాడు.

కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుందని, అప్పులిచ్చినవాళ్లమంతా మాలో మేమే తేల్చుకుందామనుకున్నాం. ప్రసాదు రూపాయికి పావలా ఇస్తానన్నాడు. తగువు తీర్చే పెద్దగా నన్ను ఎన్నుకున్నారు. అందరికంటే నా మొహమే దిగులుగా ఉందట! అది భయమని వాళ్లకేం తెలుసు? మీటింగు కూడా మా ఇంట్లోనే పెట్టారు. సోఫా మీద దుప్పటి కప్పేశా. ముగ్గురు సరిగ్గా దానిమీదే కూర్చుని, స్టాకులో ఒక సోఫా తగ్గింది, ఎక్కడ దాచావని ప్రసాదుని నిలదీశారు. దొంగ అన్నారు. నేనేం చేశా? మంచినీళ్లు తాగా.

ప్రసాదు దుప్పటి కింద కనిపిస్తున్న సోఫా కాళ్లు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. బంధువులకిచ్చానని, దాని ఖరీదు కట్టేస్తానని ఒప్పుకున్నాడు.

మిగతావాళ్లు వెళ్లాక ప్రసాదుని పెరట్లో పట్టుకున్నా.

"ఎందుకు చెప్పలేదురా?"

"మీ మాట మీదే పావలాకి ఒప్పుకున్నారు బాబాయ్. మీరే ఇట్టా చేశారని తెలిస్తే ఎవరికి వాళ్లు నన్ను పీక్కుతింటారు. పిల్లలున్నోణ్ణి."

అప్పుడైనా నిజం చెప్పొచ్చుగా? చెబితే పరువు పోతుందని, పరువు పోతే వ్యాపారం పోతుందని, అసలు వాడే ఒప్పుకున్నాక నాకెందుకని, నాకు నేనే ఎన్ని సాకులు చెప్పుకున్నానో తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ప్రసాదు భార్య గాజులు అమ్మి సోఫా డబ్బు తెచ్చాడు. పెద్దమనిషిని కదా, పద్ధతి ప్రకారం అందరికీ నేనే పంచా. పద్ధతి ప్రకారం నా వాటా కూడా తీసుకున్నా.

ఇప్పటికీ నందిగామలో వాణ్ణి సోఫా దొంగ అనేవాళ్లున్నారు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. కానీ ఆ పేరు నాది. ఒక్కరికైనా చెప్పా, కాస్త ఊపిరాడుతోంది.