రాంబాబు మాస్టారి ఒరిజినల్స్

ఉదయం ఆరూ నలభైకే తాడేపల్లిగూడెం స్టేషనుకు చేరుకున్నాను. బండి ఏడింటికి. ఎక్కడికైనా ఇరవై నిమిషాల ముందు వెళ్లి నిలబడటం నా జబ్బు, పందొమ్మిదేళ్ల బడి ఉద్యోగం అంటించిన జబ్బు. చేతిలో ఒక సంచి. అందులో నీళ్ల సీసా, నాలుగు ఇడ్లీల పొట్లం, తువ్వాలులో చుట్టిన ఒక ప్లాస్టిక్ కవరు. ఆ కవరులో మా లెక్కల మాస్టారు రాంబాబు గారి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉన్నాయి. పదో తరగతి, ఇంటరు, డిగ్రీ, బి.ఇడి. అన్నీ ఉన్నాయో లేదో ఇంట్లో మూడుసార్లు చూసుకున్నాను, స్టేషనులో మరోసారి చూసుకున్నాను.

ఒకరి సర్టిఫికెట్లు మరొకరి సంచిలో ఎందుకున్నాయో చెబుతాను. మా ఊళ్లో ఒక ప్రైవేటు స్కూలుకి నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. కొత్తగా చేరే మాస్టారు ఒరిజినల్స్ తెచ్చి ఆఫీసులో అప్పగించాలి. ఏడాది మధ్యలో ఇంకో స్కూలు వాళ్లు వంద రూపాయలు ఎక్కువిస్తామంటే వెళ్లిపోకుండా ఇదొక కట్టుబాటు. చాలా స్కూళ్లలో ఉన్నదే. ఎవరూ తప్పనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఇనప బీరువాలో ఆ కవర్లుండేవి. తాళం నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది.

లాక్‌డౌన్ వచ్చింది. రెండు నెలలు సగం జీతం ఇచ్చాం, తర్వాత అదీ లేదు. ఆ జూన్‌లో రాంబాబు గారు ఫోన్ చేశారు. విజయనగరం వైపు ఒక రెసిడెన్షియల్ స్కూల్లో లెక్కల పోస్టు ఉందట. పాఠాలు ఫోన్లలోనే చెప్పాలి, జీతం మాత్రం నెలనెలా ఇస్తారు, ఒరిజినల్స్ పట్టుకుని వారంలోగా రమ్మన్నారు. నేను మా కరస్పాండెంటు గారిని అడిగాను. లెక్కల మాస్టారు పోతే రేపు బడి తెరిచినప్పుడు ఎవరు చెబుతారు, ఇవ్వొద్దు అన్నారు ఆయన. నేను రాంబాబు గారికి ఫోన్ చేసి, "ఒక్క నెల ఓపిక పట్టండి మాస్టారూ, వచ్చే నెల తెరిచేస్తారు" అని చెప్పాను. ఎంత ధీమాగా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ ఒక్క నెల ఎన్ని నెలలైందో మీకందరికీ తెలుసు. ఆ పోస్టులో వారానికే ఇంకొకరు చేరిపోయారు.

మొన్న జనవరిలో మా స్కూలు పూర్తిగా మూసేశారు. మాస్టార్లందరూ వచ్చి కవర్లు తీసుకెళ్లారు. రాంబాబు గారు రాలేదు, ఫోను కలవలేదు. వాళ్లావిడది కొల్లేటి లంకల్లో ఒక ఊరని, ఇద్దరూ అక్కడే చేపల చెరువుల పనిలో ఉన్నారని మా అటెండరు చెప్పాడు. ఇంతలో నాకు తెలిసిన ప్రిన్సిపాల్ ఒకావిడ ఏలూరు నుంచి ఫోన్ చేసి లెక్కల మాస్టారు కావాలన్నారు. సోమవారం చేరాలి, వచ్చేదీ లేనిదీ గురువారం సాయంత్రం ఐదింటికల్లా చెప్పాలి. ఇక ఆగలేదు. గురువారం పొద్దున్నే బయలుదేరాను. ఆయన్ని మళ్లీ నల్లబల్ల ముందు నిలబెట్టకుండా ఇంటికి రాకూడదని నా పట్టుదల.

ప్యాసింజరు ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. టికెట్టు ముప్పై రూపాయలు. పేరు ప్యాసింజరే గాని కరోనా తర్వాత ఎక్స్‌ప్రెస్ చార్జీ తీసుకుంటున్నారు. కిటికీ పక్కన సీటు దొరికింది. ఉంగుటూరులో ఎక్కి ఎదురుగా కూర్చున్నాయన ఏలూరులో ఒక బట్టల కొట్లో పద్దెనిమిదేళ్లుగా సేల్స్‌మన్. కరోనా నుంచి వారానికి మూడు రోజులే రమ్మంటున్నారట.

"మూడ్రోజులు ఉద్యోగమండి, మూడ్రోజులు చేలో కూలండి. మా ఆవిడ మాత్రం ఏడ్రోజులూ కోప్పడుద్దండి" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. భీమడోలు దాటాక అతను తన అరచేతులు చూసుకుంటూ, "పట్టుచీర విప్పి చూపిత్తుంటే ఈ చేతులకి దారం పట్టేత్తందండి. ఓనరు గారు చూసేరు. ఏమీ అన్లేదనుకోండి" అన్నాడు. ఏలూరికి ముందు స్టేషను పవరుపేటలో దిగిపోయాడు.

ఎనిమిదింబావుకి ఏలూరు. స్టేషను బయట టీ తాగి, ఆటోలో కొత్త బస్టాండుకు వెళ్లి, ఎనిమిదీ యాభైకి కైకలూరు బస్సెక్కాను. కొల్లేరు చూడాలని వెళ్లేవాళ్లు ఇంతకంటే పొద్దున్నే వెళ్లండి, ఎండ ముదిరితే నీళ్లు కళ్లల్లో పొడుస్తాయి. ఊరు దాటిన కాసేపటికి పొలాలు పలచబడి చెరువులు మొదలవుతాయి. ఆ తర్వాత రోడ్డుకు రెండు పక్కలా గట్లు, నీళ్లు, గట్ల మీద పాకలు. ఎడ్లగాడి వంతెన దగ్గర గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉంది. గూడబాతులు గుంపుగా తేలుతున్నాయి. బస్సులో వాటి వైపు చూసింది నేనొక్కదాన్నే. మిగతావాళ్లకు అవి రోజూ కనిపించేవే.

వంతెన దాటాక అడ్డరోడ్డులో దిగి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు సూరిబాబు ఒకప్పుడు కైకలూరులో స్కూలు వ్యాను నడిపేవాడట.

"పిల్లల బదులు ఇప్పుడు మేత బస్తాలు ఎక్కిత్తన్నానండి. బస్తాలైతే అల్లరి చెయ్యవండి" అన్నాడు. కొంత దూరం పోయాక తనే మళ్లీ, "అల్లరి లేకపోతే తోచదండి" అన్నాడు.

నేను వెళ్లిన ఊరి పేరు రాయడం లేదు. రాయొద్దని మాస్టారే అన్నారు. పదిన్నరకు చెరువు గట్టు మీద ఆటో దిగాను. మాస్టారి కోసమని అడిగితే అక్కడెవరికీ తెలియలేదు. రాంబాబు అని అడిగితే చూపించారు.

ఆయన దోనె మీద నిలబడి ఉన్నారు. చెరువులో వరసగా కర్రలు పాతి, కర్రకొక సంచి కట్టి ఉంది. సంచులకు చిల్లులుంటాయి. వాటిలో తవుడు నింపి నీళ్లలోకి దింపితే చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. ఆయన ఒక్కో సంచీ నింపుకుంటూ వస్తున్నారు. లుంగీ, తలకు కండువా. మా బడిలో ఆయన చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ మడతతో ఉండేది, సుద్దముక్క పొడి పడితే దులుపుకుంటూనే పాఠం చెప్పేవారు. నన్ను చూసి గుర్తుపట్టి, చేతిలో సంచి పూర్తిగా కట్టాకే ఒడ్డుకు వచ్చారు.

"మేడం గారూ, మీరేంటండి ఇలా వచ్చేరు? కబురంపితే నేనే వద్దును కదండీ" అన్నారు.

"కబురు ఎక్కడికంపను మాస్టారూ, మీ ఫోనేది?"

"అది నీళ్లల్లో పడిపోయిందండి. ఇప్పుడు నంబరు మారింది."

పాక ముందు నులకమంచం వాల్చారు. నేను సంచిలోంచి కవరు తీసి ఇచ్చాను. సోమవారం సంగతీ, ఏలూరు స్కూలు సంగతీ చెప్పాను. జీతం మా స్కూలు కంటే కాస్త మెరుగే అని కూడా చెప్పాను. ఆయన కవరు విప్పలేదు. మోకాళ్ల మీద పెట్టుకుని దాని అంచు నిమురుతూ కూర్చున్నారు. వెళ్లాలని ఆయనకు ఉంది. పందొమ్మిదేళ్లు మాస్టార్ల ముఖాలు చూసినదాన్ని, ఆ మాత్రం తెలుసు.

"దుర్గ రానివ్వండి. పన్నెండింటికి వచ్చేత్తది" అన్నారు.

ఆయన భార్య కనకదుర్గ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తోంది. తెల్లవారుజామున వ్యానులో వెళ్లి మధ్యాహ్నానికి వస్తుంది. అంతకుముందు మా బడికి దగ్గర్లోనే ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టేది. వాళ్ల పాప తొమ్మిదో తరగతి, ఇక్కడి సర్కారు బడికి వెళుతోందట. ఆవిడ వచ్చేలోగా మాస్టారు లాక్‌డౌన్‌లో జీతం ఆగిపోయిన తర్వాతి రోజుల గురించి చెప్పారు.

"తోపుడుబండి మీద ఉల్లిపాయలు అమ్మేనండి. మన గూడెం మార్కెట్లో ఉల్లిపాయలకి లోటేవుందండి! బాగానే సాగింది. ఓ రోజు మన ఎనిమిదో తరగతి పిల్లోడి నాన్నగారు వచ్చేరు. కేజీ తీసుకుని, చిల్లరిస్తే వద్దన్నారు. 'ఉంచుకోండి మాస్టారూ' అన్నారు. అప్పటిదాకా నాకు సిగ్గేమీ లేదండి. ఆ మాటతో వచ్చింది." కవరు మంచం మీద పెట్టి, "మీరూ ఓసారి ఆ వీధిలోకి వచ్చేరు కదండీ" అన్నారు.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. రాయకుండా దాటేద్దామనుకున్నాను. ఆ రోజు నేను ఆయన్ని చూశాను. మాస్కు కళ్లదాకా లాక్కుని పక్క సందులోకి తిరిగాను. ఆయన చిన్నబుచ్చుకుంటారని అలా చేశానని ఇంటికి వచ్చి నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఒరిజినల్స్ అడుగుతారేమోనని భయపడ్డాను.

"మీరు నన్ను చూశారా మాస్టారూ?"

"చూసేనండి. మంచిదే అయింది లెండి. నేనూ బండి అటు తిప్పేద్దావనుకుంటన్నాను" అన్నారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

కనకదుర్గ పన్నెండూ పదికి వచ్చింది. మొహం కడుక్కుని, నన్ను చూసి దణ్ణం పెట్టింది. ఐసు నీళ్లలో నానీ నానీ ఆ వేళ్ల చర్మం తెల్లగా లేచిపోయి ఉంది. అన్నం తినకుండా కదలనివ్వనంది. చేపల పులుసు, వేడన్నం. నా ఇడ్లీలు సంచిలోనే ఉండిపోయాయి. తింటుండగా మాస్టారు సోమవారం సంగతి నెమ్మదిగా చెప్పారు. ఆవిడ నాకు మారు వడ్డించి, గిన్నె పక్కన పెట్టి మాట్లాడింది.

"మేడం గారండీ, మీరింత దూరం వచ్చేరు, ఏమీ అనుకోకండి. ఆ రోజు ఈ కాయితాలు ఇచ్చుంటే ఈయన విజయనగరంలో ఉందురు. అదెలాగూ అయిపోయింది. మళ్లీ ఏదో జబ్బొత్తది. బడి మూసేత్తారు. జీతం ఆపేత్తారు. చెరువు మూయరు కదండీ. లాక్‌డౌన్ అన్నా, ఇంకోటన్నా చేపకి పొద్దున్నే మేత వెయ్యాలి. ఆ రెండేళ్లూ ఒక్క రోజు కూడా మా ఊళ్లో ఈ పని ఆగలేదండి. ఈయన్ని నేను మళ్లీ అటు పంపలేను."

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన కంచంలో అన్నం కలుపుతూనే ఉన్నారు. నేను చాలా చెప్పాను. ఈ స్కూలు పెద్దదనీ, మూసేది కాదనీ, జీతం ఆపరనీ. చెబుతుండగానే నా గొంతు నాకే వినిపించింది. జూన్‌లో ఫోనులో మాట్లాడిన గొంతే. మధ్యలోనే ఆపేశాను.

భోజనాలయ్యాక మాస్టారు చేతులు కడుక్కుని, రెండుసార్లు తుడుచుకుని, మంచం మీద కవరు విప్పారు. ఒక్కో సర్టిఫికెట్టునూ తువ్వాలు మీద పరిచి ఫోనుతో ఫొటో తీసుకున్నారు. డిగ్రీ పట్టా ఫొటో సరిగా రాలేదని మళ్లీ తీశారు. నీడ పడకుండా కనకదుర్గ పక్కకు జరిగింది. కాగితం అంచు ఎగురుతుంటే పట్టుకోబోయి, తన చేతులు చూసుకుని వెనక్కి తీసుకుంది. నేను పట్టుకున్నాను. అన్నీ అయ్యాక ఆయన వాటిని వరసగా సర్ది, కవరులో పెట్టి, తిరిగి నా చేతికిచ్చారు.

"ఇక్కడ చెమ్మండీ. ఎలకలు కూడానూ. మీ దగ్గరే ఉంచండి. రెండేళ్లుంచేరు, ఒక్క మడత పడలేదు" అన్నారు.

ఎకసెక్కం కాదు. ఆయనకు అలా మాట్లాడటం రాదు.

"ఎప్పుడడిగినా మొదటి బండికి తెచ్చిస్తాను మాస్టారూ" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అని తలూపి, నన్ను ఆటో దాకా సాగనంపి, దోనె వైపు వెళ్లిపోయారు. సాయంత్రం సంచులు ఇంకా నింపాలట.

మూడూ ఇరవైకి బస్సు, నాలుగూ ముప్పావుకి ఏలూరు స్టేషను. ఐదింటికి ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేశాను. ఆయన రావడం లేదని చెప్పాను. "అయ్యో, పోన్లెండి, ఖాళీగా ఉన్న మాస్టార్లు బోలెడుమంది తిరుగుతున్నారు" అన్నారావిడ. అయిదు నిమిషాల్లో ఆ పోస్టు ఇంకొకరిదైపోయి ఉంటుంది.

ఐదూ నలభై ప్యాసింజరులో కూర్చున్నాను. కిటికీలోంచి దెందులూరు, భీమడోలు, పూళ్ల వెనక్కి పోయాయి. పనుల నుంచి ఇళ్లకు పోయే జనంతో పెట్టె నిండుగా ఉంది. రెండేళ్ల కిందటిదాకా ఈ బళ్లలో ఎవరు ఏ పని చేస్తారో చూడగానే చెప్పేసేదాన్ని. ఇప్పుడు చెప్పలేను. మాస్టారు చెరువు మీద ఉన్నారు, వ్యాను డ్రైవరు తవుడు మోస్తున్నాడు, చీరలు చూపించే చేతులకు కాయలు కాశాయి. జబ్బు తగ్గిందని అందరం అంటున్నాం. ఈ మనుషులు మాత్రం మొదట ఉన్న చోటికి తిరిగి రాలేదు, పిలవడానికి వెళ్లిన నా మాటకు విలువా లేదు. విలువ ఉండవలసిన రోజున తాళం నా బ్యాగులోనే ఉంది.

ఏడుంబావుకి ఇల్లు చేరాను. మా వారు గేటు తీస్తూ, "ఇచ్చేశావా?" అని అడిగారు.

"తీసుకోలేదండీ" అన్నాను. ఆ ఒక్క మాట అని, చెప్పులైనా విప్పకుండా మెట్టు మీద కూర్చుని ఏడ్చాను.