అవతలికి పోయిన తూటా

క్లారీ మడ్జ్ అనే మనిషి ఉత్తర ఆస్ట్రేలియా అడవిలో ఉన్న మా వేట క్యాంపులో ఎన్నేళ్ళున్నాడో సరిగ్గా ఎవరికీ తెలీదు. నేను వంటకి కుదిరేనాటికే మాంసం దాచే కోల్డ్ రూం వెనక రేకుల గదిలో ఉన్నాడు. పెళ్ళాం ఎప్పుడో వెళ్ళిపోయిందట. పిల్లల్లేరు. క్రిస్మస్‌కి అందరం డార్విన్ పోతే తనొక్కడే ఇక్కడుండి జెనరేటర్ చూసుకునేవాడు. "నువ్వూ రావయ్యా" అని ఏటా పిలిచేదాన్ని. "నాకక్కడ ఎవరున్నారు నోరీన్?" అనేవాడు. నా ఖర్మ అనుకుని బండెక్కేదాన్ని.

తనది వేట చూపించే పని. పెర్త్ నుంచీ మెల్‌బోర్న్ నుంచీ అడవి దున్నల్ని కొట్టాలని వచ్చేవాళ్ళని నడిపించుకుపోతాడు. ముందు కొట్టేది వచ్చినవాడే. వాడి గురి చెడి దున్న గాయంతో పారిపోబోతే అప్పుడు క్లారీ కొట్టాలి. అంతవరకూ వేలు కదపకూడదు, అది ఇక్కడి మర్యాద.

క్లారీకి ఇంకో పట్టింపు ఉండేది. పేలిన ప్రతి తూటా ఎక్కడాగిందో తేలందే కత్తి కడిగేవాడు కాదు. తోలు ఒలిచాక చేతులు మోచేతుల దాకా దూర్చి వెతికేవాడు. దొరికిన తూటాని కడిగి, రాత్రి భోజనాల దగ్గర రేకు పళ్ళెంలో పెట్టి, కొట్టినవాడి ముందుంచేవాడు. వాళ్ళు దాన్ని చూసి మురిసిపోయేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. తినే పళ్ళెమయ్యా అది! "అన్నం తినే చోట ఈ రోతేమిటి?" అంటే, "నీ కూరకన్నా శుభ్రంగానే ఉంది" అనేవాడు. అదీ ఆయన సరసం.

ఆ ఎండాకాలం మొదట్లోనే గ్లెన్ ఆయన్ని పిలిచి మాట్లాడాడు. గ్లెన్ మా క్యాంపు యజమాని, క్లారీ దగ్గరే తుపాకీ పట్టడం నేర్చినవాడు. "పెద్దాయనా, నీ చూపు మీద నాకు అనుమానంగా ఉంది. ఒక్క తప్పు జరిగినా తుపాకీ ఇచ్చేసి టౌన్‌కి వెళ్ళిపోవాలి. ముసలివాళ్ళకి గవర్నమెంటు గదులిస్తోంది, నీకూ ఒకటి చూస్తాను" అన్నాడు. "నా చూపుకేం, గద్దలా ఉంది" అన్నాడు క్లారీ.

గద్దట, గద్ద! వంటింట్లోకొస్తే పక్కన వేలాడే గిన్నెలన్నీ భుజంతో గుద్దుకుంటూ వచ్చేవాడు. ఎదురుగా ఉంటే చీమని కూడా చూస్తాడు. పక్కన ఏనుగున్నా తెలీదు. నాకు తెలుసు. తనకీ తెలుసు. పైకి మాత్రం ఎవరమూ అనలేదు. ఎందుకంటే ఆ గది తప్ప ఆ మనిషికి భూమ్మీద ఇంకో చోటు లేదు.

ఆరోజు వచ్చినవాడు రస్ అని, పెర్త్‌లో ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. మంచివాడే, కానీ నోరెక్కువ. వాడు తెచ్చుకున్నవి తేలికపాటి మెత్త తూటాలు. జింకలకి భేషుగ్గా పనిచేస్తాయి, లోపలికి పోయి పువ్వులా విచ్చుకుని ఉన్నచోటే కూల్చేస్తాయి. "దున్న భుజానికి ఇవి చాలవు బాబూ, బరువైనవి నా దగ్గరున్నాయి, తీసుకో" అని క్లారీ పొద్దున్న టీ దగ్గరే చెప్పాడు. "గురూ, వీటితో నేను కొట్టనిదంటూ లేదు" అన్నాడు రస్. ఏం చేస్తాం, డబ్బిచ్చి వచ్చినవాడు.

మధ్యాహ్నం దాటాక రేడియోలో కబురొచ్చింది, పెద్ద దున్న పడిందని. తోలుకి పట్టించే ఉప్పు బస్తా, టీ కెటిల్ వేసుకుని నేను బండి నడుపుకుంటూ వెళ్ళాను. రస్ గంతులేస్తున్నాడు. గ్లెన్ వాడి ఫొటోలు తీస్తున్నాడు. క్లారీ వంగి తోలు ఒలుస్తున్నాడు.

రస్ కొట్టిన తూటా భుజం ఎముకని తాకి అక్కడే చితికిపోయింది. పైనున్న రాగి తొడుగు అరటితొక్కలా ఊడిపోయింది, సీసం ముక్కలు ముక్కలై కండలో చెదిరింది. జానెడు లోతుకి కూడా పోలేదు. దున్న అదిరిపడి, తిరిగి, మందతో పరుగందుకుంది. అప్పుడు క్లారీ కొట్టాడు. ఆయనది గట్టి తూటా. విచ్చుకోదు, వంగదు, ఎముకైనా కండైనా నేరుగా దూసుకుపోతుంది. ఊపిరితిత్తుల్లోంచి పోయింది. దున్న కొంతదూరం పరుగెత్తి కూలింది.

"అదిరిపోయింది గురూ!" అంటూ రస్ ఆయన వీపు చరిచాడు. గ్లెన్ కూడా నవ్వి, "నిన్ను అనుమానించినందుకు నన్ను తన్నాలి పెద్దాయనా" అన్నాడు. కొమ్ములు వాళ్ళ బండిలో వేసుకుని ఇద్దరూ క్యాంపుకి పోయారు. మాంసం తేవడానికి నేనూ క్లారీ మిగిలాం.

టీ పోసి ఇచ్చాను. తాగలేదు. దున్న అవతలి డొక్క మీద వేలు పెట్టి చూస్తున్నాడు. అక్కడ చిన్న రంధ్రం, తూటా బయటికి పోయిన దారి.

"బయటికి పోయింది నోరీన్."

"పోతే పోయింది. మట్టిలో పడుంటుంది. టీ చల్లారిపోతోంది."

ఆయన లేచి, దున్నని కొట్టినచోటికి నడిచాడు. అక్కణ్ణుంచి తూటా పోయిన వరసలో మనిషెత్తు గడ్డిలోకి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. కొంచెం పోగానే ఒక గడ్డిపోచ పట్టుకుని నిలబడిపోయాడు. దానికి నెత్తురుంది. నెత్తురులో పచ్చటి గడ్డి ముద్ద, నెమరేసినది.

"ఇది ఊపిరితిత్తుల రక్తం కాదు, కడుపుది" అన్నాడు. "మన దున్నకి కడుపులో దెబ్బ లేదు."

నాకు అప్పుడర్థమైంది. కింద గిట్టల జాడ చిన్నది, ఆడదానిది. దున్న పక్కనే గేదె ఒకటి పరుగెత్తుకొచ్చింది. దున్నలోంచి పోయిన తూటా దానిలో దూరింది. మంద కలిసి ఉన్నప్పుడు గట్టి తూటా పేల్చకూడదని లోకానికంతా పాఠం చెప్పిన మనిషి, పక్కన గేదెని చూడలేదు.

"దుమ్ములో ఎవరికైనా అంతే" అన్నాను.

"దుమ్ము కాదు. అది ఎడమవైపు నుంచి వచ్చింది. నాకు ఎడమా లేదు, కుడీ లేదు. డార్విన్‌లో డాక్టరు ఎప్పుడో చెప్పాడు. చూపు ఇంకా మూసుకొస్తుందన్నాడు."

కూలబడ్డాడు. ఏమైతే అయిందని అనేశాను: "చూడు క్లారీ, మనిద్దరికే తెలుసు. గ్లెన్ ఇప్పుడేగా నిన్ను మెచ్చుకున్నాడు. నోరు మూసుకో. నేనూ మూసుకుంటాను, నా నోటికి అది కష్టమే అయినా."

ఆయన నవ్వలేదు. "కడుపులో దెబ్బతిన్నది నీళ్ళవైపే పోతుంది. రోజుల తరబడి చావదు. రేపు పొద్దున్నే లోర్నా దగ్గర్లో ఉన్న ఆ మడుగులోకే వస్తుంది కదా."

లోర్నా ఈ నేల మనిషి, ఇక్కడి ఆదివాసి. మేమంతా ఉంటున్నది వాళ్ళ నేల మీదే. మనవల్ని వెంటేసుకుని ఇనప చువ్వతో బురదలో పొడుస్తూ తాబేళ్ళు పడుతుంది. గాయపడ్డ గేదె రెల్లులో పొంచి ఉంటే ఆ పిల్లల గతేమిటి?

క్లారీ తుపాకీ తీశాడు. గట్టి తూటాలు తీసేసి బరువైన మెత్త తూటాలు పెట్టాడు. "ఇది దానిలోనే ఆగాలి" అన్నాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. ఇటు తిరక్కుండానే అడిగాడు.

"నోరీన్, నువ్వు వస్తావా? నాకు పక్కలు చూసేవాళ్ళు కావాలి."

ఇన్నేళ్ళలో ఆ మనిషి నన్ను ఉప్పు కూడా అడగలేదు. లేచి తనే తీసుకునేవాడు. "క్యాంపులో బొగ్గుల్లో పెట్టొచ్చిన రొట్టె మాడిపోతుంది" అని గొణుక్కుంటూ బయల్దేరాను. నేను వంటమనిషిని, నాకెందుకు ఈ వేటలు?

ఆయన ముందు, నేను భుజం వెనక. ఆయన జాడ చూస్తాడు, నేను అటూ ఇటూ చూస్తూ చెప్తాను. "కుడివైపు చెదపుట్ట, దాని వెనక ఏం లేదు. ఎడమ ఖాళీ. కుడిపక్క కొంగ లేచింది, అంతే." పోనుపోను ఇద్దరి అడుగూ కలిసింది. నేను అనగానే తలంతా అటు తిప్పేవాడు. ఒక్కసారి కూడా 'నిజమా' అనలేదు.

పొద్దు వాలుతుండగా మడుగు గట్టుకి చేరాం. జాడ నేరుగా నీళ్ళలోకి పోయింది. క్లారీ నీళ్ళవైపు చూస్తున్నాడు. నేను చూశాను దాన్ని. అది చుట్టు తిరిగొచ్చి, మేం వచ్చిన దారినే కాపు కాస్తూ రెల్లులో తల వంచి నిలబడింది.

"ఎడమ! క్లారీ, ఎడమ! బాగా వెనక్కి! వస్తోంది!"

తిరిగాడు. నేనింకా అరుస్తూనే ఉన్నాను, తుపాకీ పేలింది. గేదె ముందుకాళ్ళ మీద కూలి బురదలో జారి, మాకు మంచమంత దూరంలో ఆగింది. కూర్చుండిపోయి ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అన్నీ విన్నాడు. తర్వాత కత్తి తీసి దాని కడుపు కోసి, చాలాసేపు వెతికి, ఆ గట్టి తూటాని తీశాడు. రెండు జీవాల్లో దూరిన తూటా అది. ఒక్క సొట్ట లేదు. ఒంటి మీద తుపాకీ గొట్టం గీతలు తప్ప డబ్బాలోంచి తీసిన కొత్తదానిలా ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర రేకు పళ్ళెం గ్లెన్ ముందు పెట్టాడు.

"ఇది నాదే. దున్నలోంచి పోయి గేదెలో ఆగింది. గేదెని నేను చూడలేదు."

రస్ ఊరుకోడుగా. "ఒక్క దెబ్బకి రెండా! గురూ, ఇది నాకిస్తావా?" అన్నాడు. వాడి పళ్ళెంలోంచి కూర లాగేసుకోవాలనిపించింది.

గ్లెన్ తూటాని పళ్ళెంలోనే వేలితో అటూ ఇటూ దొర్లించాడు. "చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదా" అన్నాడు.

"ఈసారి గేదె గనక సరిపోయింది. రేపు ఆ పక్కన లోర్నా మనవడుంటే?" అని, క్లారీ తుపాకీ తెచ్చి గోడకి చేరవేసి, తన గదికి పోయాడు. గ్లెన్ మాట మార్చలేదు. మార్చలేడు కూడా. కళ్ళు తుడుచుకుని, రేడియోలో సరుకుల లారీవాడికి చెప్పాడు, తిరుగు ప్రయాణంలో ఒక మనిషుంటాడని.

లారీ వచ్చినరోజు గ్లెన్ కావాలనే ఎటో పోయాడు. చూడలేక అనుకుంటాను. క్లారీ సామానంటూ ఒక సంచీ, ఒక దుప్పటి. నేను చేతులకి పిండితోనే బయటికొచ్చాను. రొట్టె కట్టి ఇచ్చాను. "వేళకి తిను. ఎదురుగుండా వచ్చే బస్సులే కాదు, పక్కనుంచొచ్చేవీ ఉంటాయి టౌన్‌లో. తల తిప్పి చూస్తుండు" అని గదిమాను.

లారీ ఎక్కి, తలంతా నావైపు తిప్పాడు.

"ఆరోజు నువ్వు పక్కనుండి చెప్తుంటే నాకు చాలా బావుంది నోరీన్" అన్నాడు. "మనిషి తోడుంటే అలా ఉంటుందని నాకు తెలీదు."

ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేశాడు.