డాక్టరు గారి అమ్మమ్మ మాట

పోయిన వారం మా అమ్మాయి ఫోన్ చేసి "ఎలా ఉన్నావమ్మీ?" అని అడిగింది. మా ఆయనకు మోకాలి ఆపరేషన్ అయింది. పగలూ రాత్రీ ఆయన పక్కనే ఉండాల్సిన రోజులు. బాగానే ఉన్నానని చెప్పబోయి, ఏళ్ల తరబడి నోటికి రాని మాటొకటి అనేశాను: "ఫర్‌ఫోఖెన్." "అదేం మాట, అరబ్బీనా?" అంది. కాదు, స్కాట్లాండు వాళ్లదని చెప్పాను. నెల్లూరులో పుట్టి దుబాయ్‌లో నర్సు పని చేసిన మనిషికి ఆ దేశం మాట ఎక్కడ దొరికిందో ఫోన్లో చెప్పడానికి కుదరలేదు.

రెండువేల ఐదు ప్రాంతంలో నేను దుబాయ్ శివారు జెబెల్ అలీలో, భవనాలు కట్టే ఒక కంపెనీ వాళ్ల క్యాంపు క్లినిక్‌లో ఉండేదాన్ని. క్లినిక్ అంటే రేకుల గది. ఏసీ నుంచి కారే నీళ్లకు కింద ఒక బకెట్టు, డెట్టాల్ వాసన, దాన్ని మించిన చెమట వాసన, తలుపు బయట ఎండలో వరస. డాక్టరు గారు అరవై దాటిన స్కాట్లాండు మనిషి. ఎండకు ముఖం పొరలు పొరలుగా ఊడుతుండేది. చెప్పుల్లోకి కూడా మేజోళ్లు తొడిగేవారు. ఆయన ఇంగ్లిష్ నాకు మొదటి నెలంతా సగమే అర్థమయ్యేది. రోగుల మాట ఆయనకు అసలు అర్థమయ్యేది కాదు. ఆ మధ్యన నిలబడి అటు మాట ఇటు చెప్పడం నా పని. అందులోనూ తంటాలు ఉండేవి. తెలంగాణ వాళ్లు ఒంటిని పెయ్యి అంటారు. మా వైపు పెయ్య అంటే ఆవుదూడ. ఒకాయన "పెయ్యంత నొస్తుంది సిస్టరమ్మా" అంటే, ఊళ్లో దూడకు జబ్బు చేస్తే ఇక్కడికెందుకు వచ్చాడా అనుకున్నాను.

ఆ వేసవిలో జగిత్యాల వైపు పల్లె మనిషి ఒకాయన మాటిమాటికీ రావడం మొదలుపెట్టాడు. స్లాబు వేసే ముందు ఇనుప చువ్వలు కట్టే పని ఆయనది. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. జ్వరం ఉండేది కాదు, బీపీ సరిగ్గానే ఉండేది. "యాష్టయితుంది చెల్లె" అనేవాడు, అంతే. నేను అలసట అని చెప్పేదాన్ని. డాక్టరు గారు గ్లూకోజ్ ఎక్కించి పంపేవారు. ఒకరోజు ఫోర్‌మన్ ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. పై అంతస్తులో, అడ్డుగోడ లేని అంచున, చేతిలో చువ్వ పట్టుకుని కదలకుండా నిలబడిపోయాడట. పిలిస్తే పలకలేదట. వడదెబ్బ అనుకున్నారు. చూస్తే ఒంట్లో వేడి మామూలుగానే ఉంది.

"అలసట అంటే ఎలాంటి అలసట? అడుగు సిస్టర్" అన్నారు డాక్టరు గారు. అడిగాను.

"నిద్ర పోతె తీరేది గాదు చెల్లె. పొద్దుగాల లేస్తనే యాష్ట. కొట్లాడి కొట్లాడి వడిపోయినట్టు."

ఆ చివరి మాట నేను ఇంగ్లిష్‌లో చెప్పగానే డాక్టరు గారు కలం కింద పెట్టి, "ఫర్‌ఫోఖెన్" అన్నారు. ఆయన అమ్మమ్మ మాటట అది. రోజంతా పొలంలో బంగాళదుంపలు తవ్వి, వచ్చి గడపలో కూలబడి అనేదట. ఫోఖెన్ అంటే పోట్లాడినవాడు. ముందు ఫర్ చేరిస్తే, పోట్లాడి పోట్లాడి ఇక ఏమీ మిగలనివాడు. పాతకాలంలో యుద్ధంలో చేవ చచ్చిన సైనికులను అలా అనేవారట. తర్వాత తర్వాత నాగలి దున్నిన వాళ్లకూ, బట్టలుతికిన ఆడవాళ్లకూ, చివరికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన పసిబిడ్డకూ వచ్చిందట. లండన్ వాళ్లకు అందులో 'ఖ' పలకదని చెప్పి, నా చేత అనిపించుకున్నారు. ఉర్దూ మాట్లాడే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఒక్కసారికే వచ్చింది. ఆయన ముఖం వెలిగింది. మంచం మీది మనిషిని చూడగానే ఆ వెలుగు పోయింది.

"ఎవరితో పోట్లాడుతున్నాడో అడుగు" అన్నారు.

ఆయన పైకప్పు చూస్తూ చెప్పాడు. తమ్ముడు కూడా ఇదే కంపెనీలో ఉండేవాడు. చలికాలంలో ఒక పొద్దున మంచం మీదే చనిపోయి కనిపించాడు. గుండె ఆగిందన్నారు. శవంతో పాటు పోతానంటే, పని వెనకబడిందని సెలవు ఇవ్వలేదు.

"ఆని పెట్టె విమానం ఎక్కిన నాడు నేను డ్యూటీకి పోయిన చెల్లె. గప్పటి సంది మీదికెక్కినప్పుడల్లా దుంకాలె అనిపిస్తది. వద్దు వద్దని నాతోని నేనే కొట్లాడుకుంట."

"ఏడవలేదా అన్నా?"

"ఏడ్వనీకి తావేది? రూముల మంచం మీద మంచం. అందరు పొద్దుగాల్నే లేవాలె."

నేను అంతా ఇంగ్లిష్‌లో చెప్పాను. ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. డాక్టరు గారు టోపీ పెట్టుకుని, నన్నూ రమ్మని, క్యాంపు ముదీర్, అంటే మేనేజరు, దగ్గరికి నడిచారు.

ముదీర్ చెడ్డవాడేమీ కాదు. మాకు చాయ్ తెప్పించాడు. "అలసిపోని వాడెవడు డాక్టర్? ఇతనికి సెలవిస్తే రేపు అందరూ అలసిపోతారు" అన్నాడు.

"అతను అలసిపోలేదు. యుద్ధంలో ఉన్నాడు. ఓడిపోయేలా ఉన్నాడు" అన్నారు డాక్టరు గారు. "పైకెక్కడానికి పనికొస్తాడని నేను సంతకం పెట్టను. ఇంటికి పంపించాలని రాస్తాను. కాదని ఎక్కిస్తే, ఏం జరిగినా నేను ముందే చెప్పానని అడిగిన ప్రతివాడికీ చెబుతాను."

ముదీర్ చాయ్ తాగడం ఆపేశాడు. "ఖలాస్" అన్నాడు చివరికి. ఆ మాట కోపంతో అన్నాడో, ఊరటతో అన్నాడో తెలియలేదు.

పాస్‌పోర్టు, టికెట్టు చేతికొచ్చిన రోజు ఆయన చెప్పిపోదామని క్లినిక్‌కు వచ్చాడు. కుర్చీలో కూర్చుని, టికెట్టు వైపు చూస్తూ చూస్తూ ఒక్కసారిగా భోరున ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అలా ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. డాక్టరు గారు నన్ను బయటికి పంపి, తనూ బయటికొచ్చి, తలుపు వేసేశారు. మిట్టమధ్యాహ్నం. వరసలో ఉన్నవాళ్లతో పాటు మేమిద్దరం ఎండలో నిలబడ్డాం. లోపలి నుంచి ఏడుపు వినిపిస్తూనే ఉంది. దగ్గుతున్నవాళ్లు, చెయ్యి తెగినవాళ్లు, ఒక్కరు కూడా ఇంకా ఎంతసేపని అడగలేదు. ఎవరో డాక్టరు గారికి తన తుండుగుడ్డ ఇచ్చాడు. ఆయన దాన్ని ఎర్రబడిన తల మీద కప్పుకున్నారు.

వానాకాలం పోయాక ఆ అన్న ఊరి నుంచి ఫోన్ చేశాడు. తమ్ముడి సమాధి దగ్గర వేపమొక్క నాటాడట, తమ్ముడి పిల్లలు తన దగ్గరే పడుకుంటున్నారట. ఇక దుబాయ్ రాడట. "నిద్ర వడుతున్నది చెల్లె, సాబ్‌కు జెప్పు" అన్నాడు. చెబితే డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ఏడాది ఆఖరున కంపెనీ ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. ఎందుకో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. వెళ్లే ముందు క్లినిక్‌లోని తన పెద్ద టీ కప్పు నాకిచ్చి, అమ్మమ్మ మాట మరిచిపోవద్దన్నారు.

ఆ తర్వాత ఆయన ఎక్కడికి వెళ్లారో, ఉన్నారో లేదో తెలియదు. క్యాంపు ఉన్న చోట ఇప్పుడు గోదాములు వచ్చాయని విన్నాను. ఏ కష్టానికైనా కాలమే మందని రోగులకు నేనే ఎన్నోసార్లు చెప్పాను. ఆ మందు కూడా ఎవరో ఒకరు అడ్డం నిలబడి ఇప్పిస్తేనే కొందరికి అందుతుందని ఈ వయసులో అనిపిస్తోంది.