ఆకుపచ్చ గడిలో సముద్రం

పుప్పాలగూడలో నాలుగు టవర్లున్న ఒక సముదాయంలో, పంతొమ్మిదో అంతస్తులో కాపురముండే బుల్లిబాబుకి అమెరికాలో ఏ ఊళ్లో ఎప్పుడు వాన పడుతుందో తెలుసు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెలివరీ మేనేజరు, పద్దెనిమిదేళ్లుగా ఆ దేశం వాళ్లతో రోజూ ఫోన్లో మాట్లాడుతున్నాడు మరి. వాళ్ల పిల్లల పేర్లు తెలుసు, వాళ్ల కుక్కలకొచ్చిన జబ్బులు తెలుసు, డాలస్‌లో ఏ రోడ్డు తవ్వి పెట్టారో కూడా తెలుసు. ఆ నేల మీద కాలు పెడితే ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. ఆ నేలే కాదు, మన సరిహద్దు అవతల ఏ నేలా ఆయన తొక్కలేదు.

తొక్కించాలని కంపెనీ చూడకపోలేదు. మొదటిసారి కోటు కుట్టించుకున్నాక ప్రాజెక్టు రద్దయింది. రెండోసారి వీసా కిటికీలోని మనిషి రెండు ప్రశ్నలడిగి, తల అడ్డంగా ఊపాడు. మూడోసారి టికెట్టు చేతికొచ్చిన వారానికే ప్రపంచమంతా మాస్కు కట్టుకుని తలుపులేసుకుంది. ఈ మూడోసారికి ముందే మొదటి పాస్‌పోర్టు పదేళ్లూ బీరువాలో చీరల కింద పడుండి, ఒక్క ముద్ర కూడా పడకుండానే కాలం చేసింది. కొత్తది చేయించుకోవడానికి వెళ్తే అక్కడి గుమస్తా పాతదాన్ని అటూ ఇటూ తిప్పి, దీన్ని అసలు వాడలేదా అని అడిగాడు. పాపం, అతను మామూలుగానే అడిగాడు. బుల్లిబాబుకి మాత్రం ఆ మాట ముల్లులా దిగి అలాగే ఉండిపోయింది. ఇప్పుడు రెండోదానికీ వచ్చే ఏప్రిల్ పదిహేనుతో గడువు తీరిపోతోంది. అదీ తెల్లగానే ఉంది.

పుప్పాలగూడ లిఫ్టులో ఇది చిన్న విషయం కాదు. అక్కడ పెట్టెలకి అంటించిన విమానం చీటీలను ఎవరూ చింపరు, వారాలపాటు అలాగే ఉంచుకుంటారు. ఆరేళ్ల పిల్లలు ఏ విమానాశ్రయంలో ఆటస్థలం బాగుంటుందో వాదించుకుంటారు. ఎవరైనా ‘మీరు ఎక్కడెక్కడ తిరిగారండీ’ అని అడుగుతారేమోనన్న భయంతో బుల్లిబాబు లిఫ్టులో ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడేవాడు. అవతల ఎవరూ ఉండేవారు కాదు.

అటువంటి మనిషికి రెండేళ్ల కిందట ఒక ఆలోచన వచ్చింది. కంపెనీ దయ, విమానం దయ అక్కర్లేకుండా, సొంత కారులో పరాయి దేశానికి వెళ్లాలి. హైదరాబాద్ నుంచి నాగపట్నం దాకా రోడ్డు, అక్కడ కారుతో సహా ఓడెక్కి శ్రీలంక, ఆ తర్వాత దీవి చుట్టూ రోడ్డు. టవర్లో ఈ మాట చెప్పగానే మరో నాలుగు కుటుంబాలు ఎగిరి గంతేశాయి. ‘సేతు’ అని వాట్సాప్ గ్రూపు పుట్టింది. ఐదు కార్ల అద్దాల మీదా అంటించడానికి ‘హైదరాబాద్ టు లంక’ అని స్టిక్కర్లు వచ్చాయి. బుల్లిబాబు ఏనుగంత కారు కొని, గుడి ముందు లారీల వెనక వరసలో నిలబెట్టి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించాడు. ఆ కారు రోజూ పుప్పాలగూడ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఆఫీసు దాకా నాలుగు కిలోమీటర్లు, ముప్పావుగంటలో వెళ్లేది. నెత్తి మీద మడత గుడారం, వెనకాల నీళ్ల డబ్బా, ఎడారిలో ఇసుకలో దిగబడితే బయటికి లాగే పలకలు. శ్రీలంకలో ఎడారి ఎక్కడుందని ఎవరూ అడగలేదు.

ప్రయాణాన్ని బుల్లిబాబు తనకు చేతనైన ఒకే ఒక్క పద్ధతిలో నడిపించాడు. ప్రతి శనివారం పదకొండింటికి కాల్. ఎక్సెల్ షీటులో రెండువందల పది పనులు, ఒక్కో పనికీ ఒక యజమాని, పక్కన ఒక రంగు గడి. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. హైటెక్ సిటీలో పెద్ద పెద్ద ప్రాజెక్టులన్నీ నడిచేది దాని మీదే. శుక్రవారం సాయంత్రానికల్లా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆ పని సవ్యంగా ఉన్నట్టే లెక్క. గడి దానంతటదే ఆకుపచ్చగా మారిపోతుంది. సముద్రం దాటడం నూట నలభై ఏడో పని. దాని యజమాని పదకొండో అంతస్తులోని నితీష్. మొదటి వారం ‘చూస్తాను’ అన్న నితీష్, ఆ తర్వాత ప్రతి శనివారం కాల్‌లో చేరి, మ్యూట్ పెట్టుకుని తన ఆఫీసు పని చేసుకునేవాడు. అభ్యంతరం ఎప్పుడూ చెప్పలేదు. సముద్రం రెండేళ్లపాటు పచ్చగా ఉండిపోయింది.

ప్రమాదాల జాబితా వేరే ఉంది. అందులో ఏనుగులు, జలగలు మొదలుకొని డ్రైవింగు లైసెన్సు తడిసిపోవడం వరకూ నలభై ఒక్క ప్రమాదాలు రాశారు. లంకకి వెళ్లేవాడి పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలుండాలని కూడా బుల్లిబాబే కనిపెట్టి ఎర్ర అక్షరాల్లో రాశాడు. అంటే అక్టోబరు పదిహేను లోపల దాటాలి. దాటలేకపోతే రెండో పాస్‌పోర్టు కూడా మొదటిదాని దారే పడుతుంది. ఆయనకి యాభై ఒకటి నిండాయి. మూడోది చేయించుకునే ఓపిక తనకుంటుందని ఆయన అనుకోలేదు.

సెప్టెంబరు నెలాఖరులో నెత్తి మీది గుడారం బిగింపు సరిచేయించడానికి కారును ఎల్లేశం షెడ్డుకి తీసుకెళ్లాడు. ఎల్లేశం పుప్పాలగూడలోనే పుట్టినవాడు. ఇప్పుడు టవర్లున్న చోట వాళ్ల నాన్న జొన్న వేసేవాడు. ఎల్లేశం టవర్ల వెనక సందులో బండ్లు బాగుచేస్తాడు. బోల్టు బిగిస్తూ ప్రయాణం సంగతంతా విని, రెంచి కింద పెట్టాడు.

“సార్, నాకొక్కటి సమజ్ గాలె. గింత పెద్ద బండి ఆ ఓడల ఎక్కుతదా? ఎవరినన్న అడిగిండ్రా?”

బుల్లిబాబు నవ్వి, ఫోన్ తీసి, నూట నలభై ఏడో గడి చూపించాడు. ఎల్లేశం ఆ రంగుని శ్రద్ధగా చూశాడు.

“ఆకుపచ్చ ఉంటే ఎక్కుతదా సార్? జర ఫోన్ కొట్టి అడుగుండ్రి.”

రెండేళ్లలో ఎవరూ చెయ్యని పని బుల్లిబాబు ఆ సందులో నిలబడి నాలుగు నిమిషాల్లో చేశాడు. ఓడ వాళ్ల ఆఫీసులో ఒక అమ్మాయి ఎత్తి, ఎంతో మర్యాదగా, ఆ ఓడలో మనుషులూ వాళ్ల సంచులూ తప్ప ఇంకేమీ ఎక్కవని చెప్పింది. కార్లా అని ఇంకోసారి అడిగి, నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ ఆదివారం క్లబ్ హౌసులో అత్యవసర సమావేశం జరిగింది. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, చదువుకున్నవాళ్లు కదా. నితీష్‌ని అడిగితే, తనను ఇప్పటిదాకా ఎవరూ అడగలేదన్నాడు. అది నిజమే. కార్లు ఇక్కడే వదిలేసి మనుషులం వెళ్దామని బుల్లిబాబు నసిగితే అందరూ జాలిగా చూశారు. కారు లేకుండా వెళ్తే స్టిక్కర్లు ఎక్కడ అంటించుకోవాలి, వీడియోలో ఏం చూపించాలి? లంకని రెండో దశకి వాయిదా వేసి, మొదటి దశగా వికారాబాద్‌లో ఒక రిసార్టుకి వెళ్లాలని తీర్మానించారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. బుల్లిబాబు కూడా చెప్పలేదు. ఆ గడి అక్కడికక్కడే పచ్చబడింది.

సాయంత్రం ఎంతకీ పైకి రాకపోయేసరికి ఆయన భార్య రత్నమాల వెతుక్కుంటూ కిందికి దిగింది. ఆవిడ ఖజానా ఆఫీసులో సూపరింటెండెంటు. పాతికేళ్లుగా కౌంటరుకి లోపలివైపు కూర్చున్న మనిషి. పార్కింగులో, ఆపి ఉన్న కారులో, స్టీరింగు పట్టుకుని కూర్చున్న భర్తని చూసి పక్క సీట్లోకి ఎక్కింది. ఆయన ఏడుస్తున్నాడని తెలిసి తన వైపు తలుపు వేసేసింది.

“ఏవండీ, ముద్ర కావలసింది మీకా, కారుకా?”

కార్లకి కూడా పాస్‌పోర్టులాంటి కాగితం ఒకటుంటుందని, దానికి తాను దరఖాస్తు కూడా పెట్టానని ఆయన చెప్పబోయాడు. ఆవిడ చూసిన చూపుకి ఆ కాగితం సంగతి అక్కడే వదిలేశాడు.

“నాకే, రత్నం,” అన్నాడు.

దసరా వెళ్లిన మర్నాడు ఇద్దరూ బయలుదేరారు. మడత గుడారం, ఇసుక పలకలు ఎల్లేశం షెడ్డులో దింపేశారు. గ్రూపులో చెప్పలేదు. రెండు రోజులు కారు నడిపి నాగపట్నం చేరి, ఒక లాడ్జి ముందు కారు పెట్టి, పధ్నాలుగో తారీఖు పొద్దున్నే రెండు సంచులతో రేవుకి వెళ్లారు. పాస్‌పోర్టులు చూసే అధికారి బుల్లిబాబుది తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా తిప్పి, ఇదే మొదటిసారా అని ఇంగ్లీషులో అడిగాడు. క్లబ్ హౌసులో అయితే బుల్లిబాబు దగ్గర దీనికి పావుగంట జవాబు ఉండేది. ఇక్కడ ఒట్టి తల ఊపాడు. ముద్ర పడింది. యాభై ఒక్క ఏళ్ల డెలివరీ మేనేజరు దాన్ని మూడుసార్లు చూసుకుని, రత్నమాలకి చూపించి, ఆవిడదీ తీసుకుని చూశాడు.

పది నిమిషాలు గడిచాయో లేదో, సముద్రం బాగాలేదు, ఇవాళ ఓడ లేదని మైకులో చెప్పారు. జనమంతా మళ్లీ అదే వరసలో వెనక్కి నిలబడ్డారు. దేశం దాటనివాడి దగ్గర దేశం దాటినట్టు ముద్ర ఉండకూడదు కదా. అదే అధికారి, అదే ముద్ర మీద, ‘రద్దు’ అన్న ముద్ర ఇంకొకటి గట్టిగా గుద్ది ఇచ్చాడు.

రత్నమాల ఆయన భుజం పట్టుకుంది. ఈయన ఇక్కడే కూలబడిపోతాడని భయపడింది. గడువు ఇక ఒక్క రోజే. బుల్లిబాబు మాత్రం ఆ పేజీని చూసి, పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని, తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్లి, రేపు ఓడ ఉంటుందా అని అడిగాడు. చెప్పలేమన్నారు. ఎప్పుడు తెలుస్తుందని అడిగాడు. పొద్దున్న నాలుగున్నరకి వచ్చి అడగమన్నారు. సరేనని, మూడున్నరకే వచ్చి తలుపు ముందు నిలబడ్డాడు.

పదిహేనో తారీఖున ఓడ కదిలింది. నాలుగు గంటల ప్రయాణంలో మూడున్నర గంటలు బుల్లిబాబు వాంతులు చేసుకున్నాడు. ఆ నలభై ఒక్క ప్రమాదాల్లో ఇది లేదు. సముద్రం ఏ రంగులో ఉందో ఆయన చూడనే లేదు. ఒక చేత్తో ప్లాస్టిక్ సంచీ, ఇంకో చేత్తో జేబు పట్టుకుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, అదే పనిగా తేదీ ఎంత అని అడుగుతూ అవతలి ఒడ్డుకి చేరాడు.

అక్కడ తెల్ల చొక్కా తొడుక్కున్న ఒక నడివయసు అధికారి ఆయన పాస్‌పోర్టు తెరిచాడు. ఖాళీ పేజీలు, వాటి మధ్య ఒక రద్దయిన ముద్ర, దాని పక్కన ఈ పొద్దుటి ముద్ర, చివరి తేదీ చూశాడు. ఏ పని మీద వచ్చారని అడిగాడు. దానికి షీటులో రెండు పేరాల జవాబు ఉంది. బుల్లిబాబుకి ఒక్క అక్షరం గుర్తురాలేదు.

రత్నమాల వెనక నుంచి ముందుకొచ్చి, బల్ల మీదున్న ముద్రని వేలితో చూపించింది.

“దానికోసమేనండి,” అంది తెలుగులోనే.

అధికారికి ఏం అర్థమైందో ఏమో, ఆ భార్యాభర్తల్ని ఒకసారి చూసి, పాత ముద్రలున్న పేజీని తిప్పేశాడు. ఏమీ లేని ఒక పేజీ తీసి, దాన్ని అరచేత్తో చదును చేసి, సరిగ్గా మధ్యలో, తొందరపడకుండా ముద్ర వేసి ఇచ్చాడు. బుల్లిబాబు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వెనక వరసలో వాళ్లు జరగమని తమిళంలో విసుక్కుంటున్నా వినిపించుకోకుండా, సిరా ఆరేదాకా ఆ పేజీ మూయకుండా అక్కడే నిలబడ్డాడు.