తల వంచి చూసిన మునియప్ప

నా చిన్నప్పుడు మా వెల్లిచందైలో ఊరి బయట, ఊరికి కాపుండే మునియప్పసామి బొమ్మ కట్టినారు. సామి కూర్చున్నా మూడు నిలువుల ఎత్తు. కట్టింది మా తాత. ఇటుకా సున్నమూ తప్ప వేరే పని ఎరగడు. చుట్టుపక్కల పొలిమేరల్లో ఆయన కట్టిన సాములూ గుర్రాలూ ఎండకూ వానకూ నిలబడి ఉండేవి.

జాతరకు నెల కూడా లేదు. బొమ్మ ముగిసిందని ఊరి పెద్దలు వచ్చి చూసి మెచ్చుకుంటున్నారు. తాత పరంజా మీద నిలబడి సామి మీసం నున్నగా చేస్తున్నాడు. ఎనిమిదేళ్ల నేను ఆయనకు సంగటి తీసుకొని పోయి, సామి కాళ్ల దగ్గర నిలబడి పైకి చూసినాను. గడ్డమూ ముక్కు రంధ్రాలే కనబడినాయి.

"తాతా, సామి నన్ను చూసేది లేదు" అన్నాను.

పెద్దలు నవ్వినారు. ఒకాయన, నీకేం తెలుసు పో అని గదమాయించినాడు. నాకు ఏడుపొచ్చింది. తాత మాత్రం నవ్వలేదు. మెల్లగా దిగి వచ్చి, నా పక్కన మోకాళ్ల మీద కూర్చొని, నా తలకు తల ఆనించి చాలాసేపు పైకి చూసినాడు.

"పాప చెప్పేది నిజం. నేను పైన సామికి ఎదురుగా నిలబడి చేసినాను. మొక్కేవాళ్లు నిలబడేది ఇక్కడ."

తల తీసేసి మళ్లీ కడతానన్నాడు. పెద్దలు ఒప్పుకోలేదు. సామి తల పగలగొడితే ఊరికి కీడన్నారు, జాతర ఆగిపోతుందన్నారు. తాత గొంతు పెంచలేదు.

"పూజ చేసి సామికి కన్ను తెరిచేదాకా ఇది ఇటుకా సున్నమే. తెరిచినాక నేనూ ముట్టను."

ఆ మాటకు పెద్దలు మెత్తబడినారు. మరుసటి పొద్దున తాతే సుత్తి పట్టినాడు. ఈసారి తల పెద్దదిగా, కొంచెం ముందుకు వంచి, చూపు కిందికి దించి కట్టినాడు. రోజూ నన్ను పిలిచి, దారిలో ఒకసారి, సామి కాళ్ల దగ్గర ఒకసారి నిలబెట్టి, ఇప్పుడు సామి నిన్ను చూస్తున్నాడా అని అడిగేవాడు. రెండుసార్లు లేదన్నాను. రెండుసార్లూ చెక్కి మళ్లీ పూసినాడు. మూడోసారి తలెత్తినాను. సామి నన్నే చూస్తున్నాడు.

జాతరనాడు కన్ను తెరిచినారు. నన్ను గదమాయించిన పెద్దాయన, నడుం వంగిపోయిన తన తల్లిని నడిపించుకొని వచ్చినాడు. ఆ అవ్వ కష్టపడి తలెత్తి, చేతులు జోడించి, "అప్పా, నన్నే చూస్తా ఉండావే" అన్నది. తాత నన్ను భుజానికెత్తుకొని, ఈ మొగం చేయించింది మా పాప అని అందరికీ వినబడేలా చెప్పినాడు. అంత ఎత్తు నేను ఆ తర్వాత ఏ పరంజా మీదా ఎక్కలేదు.

పెరిగినాక మద్రాసులో శిల్పం చదివినాను. నలభై ఏళ్లుగా కూడళ్లలో, పార్కుల్లో పెద్ద పెద్ద బొమ్మలు నిలబెడుతున్నాను. పోయిన ఏడాది బస్సులు పోయే సోగత్తూరు మలుపులో, రాగులు తూర్పారపట్టే ఆడమనిషి బొమ్మను ఇనుముతో ముప్పై అడుగుల ఎత్తు నిలబెట్టినాను. పని సగంలో ఉండగా ఒక డ్రైవరు బస్సు ఆపి, తన సీటు నుంచి చూస్తే చేట మొగాన్ని దాచేస్తోందన్నాడు. బొమ్మ చెయ్యి కోసి మళ్లీ అతికించినాము. తెరతీసిన రోజు సేలం బస్సులు ఒకదాని వెనక ఒకటి నెమ్మదించినాయి. కిటికీల నిండా మొగాలే.

ఇప్పటికీ బొమ్మ ముగిసిందని నేను చెప్పను. కిందికి దిగి, దారిన పోయే మొదటి మనిషిని, బొమ్మ నిన్ను చూస్తోందా అని అడుగుతాను. లేదు అంటే మళ్లీ ఎక్కుతాను.