ఖరాబైన ఫొటో

సోమలింగం నా మెస్సును ఫొటో తీసి చూపించిన రోజే వాడికీ నాకూ పోట్లాట అయింది.

మెస్సు సూరత్‌లో, పర్వత్ పాటియాలో, బట్టల మార్కెట్లకు పోయే రోడ్డు మీద. పేరు త్రివిక్రమ మెస్సు, అంటే నా పేరే. మాది రేపల్లె దగ్గర. ఊరు కాని ఊళ్లో గోంగూర పచ్చడి కోసం అంగలార్చే తెలుగువాళ్లను నమ్ముకుని వచ్చాను, వాళ్లు నన్ను మోసం చెయ్యలేదు. రాత్రి భోజనాల వేళ నా గడప ముందు కాలు పెట్టే సందుండదు. అంత రద్దీలో వీడు రోడ్డుకు అవతల మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, మెడ వంచి ఏదో చేశాడు. రెండ్రోజుల తర్వాత తెచ్చి చూపించాడు. బోర్డు వెలుగుతోంది, మెట్లు మెరుస్తున్నాయి, బల్లలు కడిగినట్టున్నాయి. మనిషన్నవాడు ఒక్కడూ లేడు.

"ఇదేం ఫొటోరా? గిరాకీ లేక మూసేసిన కొట్టులా ఉంది. నలుగురూ చూస్తే నా పరువేం కావాలి?" అన్నాను.

"మంది ఉన్నరు రావ్‌సాబ్. కన్పిస్తలేరు, గంతే," అన్నాడు.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు. రాత్రిపూట వెలుగు తక్కువ కాబట్టి కెమెరా కన్ను అర నిమిషం తెరిచే ఉంచుతాడట. ఆ అర నిమిషంలో కదలకుండా ఉన్నది పడుతుంది. నడిచిపోయేది పడదు. "ఆగినోళ్లే ఫొటోల పడతరు. నడిచెటోళ్లు పడరు." నా మెస్సు ముందు ఏ గాడిదా అర నిమిషం నిలకడగా నిలబడడు గనక అందరూ మాయమైపోయారు. వివరం బాగానే ఉంది గానీ నా ఒళ్లు మంట మాత్రం తగ్గలేదు. ఆ పూట వాడికి పెరుగు వెయ్యలేదు.

వాళ్ల నాన్న సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన పద్మశాలి. వీడు ఇక్కడే పుట్టి, ఇక్కడే సంచాల మీద పడ్డాడు. మరమగ్గాన్ని ఇక్కడ సంచా అంటారు. షిఫ్టును పాలీ అంటారు. ఒక వారం పగటి పాలీ, ఒక వారం రాత్రి పాలీ. పాలీ మారేటప్పుడు మధ్యలో ఒక రాత్రి ఖాళీ దొరుకుతుంది. తోటివాళ్లు ఆ రాత్రి చచ్చినట్టు పడుకుంటారు. వీడు మాత్రం తాపీ ఒడ్డున పెట్టే పాత సామాన్ల సంతలో కొన్న కెమెరా భుజాన వేసుకుని రోడ్డెక్కేవాడు. రింగురోడ్డు, సహారా దర్వాజా వంతెన కింద, మూసిన మార్కెట్ల ముందు. ఎక్కడ తీసినా ఖాళీ వీధే. పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టండన్నట్టుంది రా నీ సంగతి అని నేనంటే, "దినమంత సంచాల మోతల ఉంట రావ్‌సాబ్. పక్కోడు చెప్పింది పక్కోడికి ఇనరాదు. గీ ఫొటోలల్లనన్న సప్పుడు లేకుంట ఉండనియ్యిండ్రి," అనేవాడు.

ఆ రాత్రుళ్లు వాడి వెంట భార్య కనకలక్ష్మి ఉండేది. ఒంటరిగా తిరిగితే పోలీసులు దొంగ అనుకుంటారు, పెళ్లాం పక్కనుంటే సంసారి అనుకుంటారు. మొదట్లో ఆ లెక్కతోనే తీసుకెళ్లాడు.

కనకలక్ష్మి ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించే పని చేసేది. నోటి ధాటి ఉన్న మనిషి. నా పప్పుచారులో ఉప్పు ఎక్కువైతే వీధి వీధంతా తెలిసేలా చెప్పేది. కానీ కెమెరా అంటే మాత్రం ఆమడ దూరం. పెళ్లయిన కొన్నాళ్లకు పెదవి పక్కన తెల్లమచ్చ మొదలై మెల్లగా గడ్డమంతా పాకింది. బొల్లి. నొప్పి లేదు, ఒకరికి అంటేది కాదు. చూసేవాళ్ల చూపులే అంటుకుంటాయి. అందుకని ఎప్పుడూ కొంగు నోటికి అడ్డం. వాళ్లమ్మాయి హిమశ్రీ ఫోన్లో తల్లి ఫొటోలంటూ ఉన్నవన్నీ మొహానికి అడ్డం పెట్టిన అరచేతులే. పెళ్లి ఆల్బం రెండు వేల ఆరులో తాపీ పొంగి ఇళ్లలోకి వచ్చినప్పుడే బురదైపోయింది. మిగిలింది ఆధార్ కార్డు మీది బొమ్మ. "సచ్చినా గది పెట్టకుండ్రి, జేబుదొంగ లెక్కున్న," అని ఆవిడే నవ్వేది.

అలాంటి మనిషి ఒకరాత్రి చూసుకోకుండా కెమెరాకు అడ్డంగా నడిచింది. తెలిసి గాభరాపడి, ఏదీ చూపించమంది. చూస్తే రోడ్డుంది, దీపాలున్నాయి, తను లేదు.

"నేను పడలేదా?"

"నడిచినవ్ గద. నడిస్తె పడవు."

అంతే. ఆ రోజు నుంచి ఆవిడ నడక మొదలైంది. వాడు స్టాండు పెట్టడం ఆలస్యం, కొంగు భుజాన వదిలేసి, మొహం ఎత్తి, చేతులూపుకుంటూ కెమెరా ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేది. మళ్లీ తిరిగి వచ్చేది. ఒకసారి మార్కెట్ నుంచి సరుకులు తెస్తూ నేను కళ్లారా చూశాను. నన్ను చూసి కూడా కొంగు లాక్కోలేదు. "అన్నా, గీ కెమెరా ఒక్కటే నన్ను సూడది," అంది. ఆవిడ ముఖం పూర్తిగా చూడటం నాకు అదే మొదటిసారి. చక్కని ముఖం. ఆ మాట అప్పుడే అనుంటే బాగుండేది, అలాంటివి మా ఇళ్లలో అనరు.

లాక్‌డౌన్‌కు ముందటి చలికాలం ఒకరాత్రి నా ఫోన్‌కు వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. కింద సోమలింగం ఫిర్యాదు: "చూడుండ్రి రావ్‌సాబ్, మీ చెల్లె పని. ఖరాబ్ చేసింది." వంతెన కింద తీసిన ఫొటో. రోజంతా రాళ్లు అంటించి వచ్చిన కనకలక్ష్మి నాలుగుసార్లు అటూ ఇటూ నడిచి, ఇక చేతకాక రోడ్డు మధ్యలో ఆగిపోయిందట. వాడు కేకేశాడు, "నడువే, ఆగకు, ఫొటో ఖరాబైతది." "కాళ్లు నొస్తున్నయయ్యా," అని ఆవిడ అక్కడే నిలబడి తగువేసుకుంది. మర్నాడు టిఫిను దగ్గర ఇద్దరూ నాకు పంచాయితీ పెట్టారు. నేను ఆవిడ పక్షమే తీర్పు చెప్పి రెండు ఇడ్లీలు ఎక్కువ వేశాను. ఖరాబైన ఫొటోలను సోమలింగం ఉంచుకోడు. కెమెరా కార్డులో చోటు దండగని ఎప్పటికప్పుడు తుడిచేస్తాడు. దీన్నీ కార్డులోంచీ, తన ఫోన్లోంచీ తుడిచేశాడు.

తర్వాత మార్చి వచ్చింది, లాక్‌డౌన్ పడింది. సంచాలు ఆగాయి. సూరత్ మొత్తం సోమలింగం ఫొటోలా అయిపోయింది. పగలే మనుషుల్లేరు. మెస్సు ముందు నేను కుర్చీ వేసుకుని కూర్చుంటే వాడు తీసిన ఆ ఫొటోనే గుర్తొచ్చేది. "నీ పంట పండింది కదరా, తీసుకో ఫొటోలు," అని ఫోన్లో ఎత్తిపొడిచాను.

"తియ్యబుద్ధి అయితలేదు," అన్నాడు. "అవి ఖాళీ ఫొటోలు గావు రావ్‌సాబ్. అండ్ల మస్తు మంది ఉండిరి. ఇప్పుడు నిజంగనే ఎవ్వరు లేరు."

రైళ్లు వేశాక ఒడిశా కుర్రాళ్లు, మన కుర్రాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయారు. కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. సంచాలు మళ్లీ తిరిగాయి. కానీ రాత్రి కర్ఫ్యూ పెట్టారు, ఇక రోడ్డెక్కే వీల్లేదు. దానికి సోమలింగం కన్నా కనకలక్ష్మే ఎక్కువ దిగులుపడింది. పగలు మాస్కుతో ఆవిడకు ప్రాణం లేచివచ్చింది, అది వేరే సంగతి. "ఇప్పుడందరం ఒక్కటే అన్నా, అందరి మూతి దాసుకునుడే," అని బజార్లో తలెత్తుకుని తిరిగేది. మాస్కుతో హిమశ్రీ ఫోన్లో ఒక ఫొటో కూడా దిగింది. కానీ మాస్కులో నడవటం, మొహం గాలికి వదిలి నడవటం ఒకటి కాదుగా. చీకటి పడ్డాక డాబా ఎక్కి ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచేదట. వాడు పైకి వెళ్తే, "కర్ఫ్యూ ఎప్పుడు తీస్తరయ్యా? రింగురోడ్డుకు పోదాం," అని అడిగేది. వాడు ప్రతిసారీ వచ్చే నెల అనేవాడు.

రెండో ఏడు ఏప్రిల్‌లో ఆవిడకు జ్వరం వచ్చింది. ఆయాసం మొదలయ్యాక అంబులెన్సు వచ్చింది. మెట్లు దిగి తనే నడిచి వెళ్లి ఎక్కింది. వాడినీ పిల్లనూ ఆసుపత్రి గేటు దాటనివ్వలేదు. తర్వాత వాళ్లకు దూరం నుంచి చూపించింది ఒక తెల్లటి చుట్ట. ముఖం చూడనివ్వలేదు. అంతకు మించి ఆ రోజుల గురించి రాయడం నా వల్ల కాదు. ఆ నెలలో నేను పంపిన క్యారియర్లు చాలా ఇళ్ల నుంచి ముట్టకుండా తిరిగొచ్చాయి.

మనిషి పోయాక గోడకు పెట్టడానికి ఫొటో కావాలి. ఊరంతటినీ ఫొటోలు తీసిన సోమలింగం ఇంట్లో పెళ్లాం ఫొటో లేదు. ఆధార్ బొమ్మ ఆవిడే వద్దంది. మాస్కు ఫొటో పెట్టనని వాడు మొండికేశాడు. "గా బీమారి గుర్తు నా గోడకెందుకు?" అన్నాడు. పగలంతా సంచాల దగ్గర, రాత్రి ఫోన్ ముందు. పాత ఫొటోలన్నీ వేళ్లతో పెద్దవి చేసి చేసి చూసేవాడు. ఒకరోజు మెస్సుకు వచ్చి, తినకుండా, నాకు చూపించాడు. మార్కెట్ ముందు ఖాళీ వీధి.

"గిదో, గీ స్తంభం కాడికెళ్లి అంగడి దాంక నడిచింది. నీలం చీర. గిదాంట్ల రెండుసార్లు నడిచింది. అన్నిట్ల ఉంది రావ్‌సాబ్. ఒక్కదాంట్ల గూడ లేదు."

ఆ రోజు అన్నం వడ్డించి పక్కన కూర్చున్నాను.

పెత్రమాస దగ్గరకొచ్చింది. మేం మహాలయ అమావాస్య అంటాం, వాళ్లు పెత్రమాస అంటారు. పోయినవాళ్ల పేరున బియ్యం ఇచ్చే రోజు. పోయినాక వచ్చే మొదటి పెత్రమాస కాబట్టి ఫొటో ముందు పెట్టి ఇవ్వాలి. హిమశ్రీ మెస్సుకు వచ్చి వంటల గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేసింది. "అంకుల్, పప్పా ఏం మాట్లాడ్తలేడు. మమ్మీది ఏక్ భీ ఫొటో నై. ఖాళీ పీట ముందు బియ్యం ఎట్ల పెట్టాలె?"

ఆ పిల్ల అటు వెళ్లగానే నాకు ఖరాబైందని సోమలింగం పంపిన ఆ ఫిర్యాదు గుర్తొచ్చింది. చేతులు కూడా కడుక్కోకుండా ఫోన్ తీశాను. గుడ్ మార్నింగ్ గులాబీలూ, కషాయం చిట్కాలూ, దేవుళ్లూ, పోయినవాళ్లకు నివాళులూ. ఎంత పైకి జరిపినా తరగవు. ఈ చెత్త తుడిచెయ్యమని మా ఆవిడ ఏడాదిగా పోరుతూనే ఉంది, నా బద్ధకం ఇన్నాళ్లకు ఒకరికి పనికొచ్చింది. అడుగున దొరికింది.

వంతెన దీపాలు, తడి రోడ్డు, నడుమ కనకలక్ష్మి. పూర్తిగా కాదు. తగువాడేటప్పుడు ఆవిడ నడుము పైన ఊరుకోదు కదా. చేతులు తిప్పుతూ, ఆగితే ఫొటోలో పడతానని గుర్తొచ్చి కొంగు లాక్కుంటూ, అటు తిరుగుతూ ఉన్నట్టుంది. పైనంతా పొగలా చెదిరిపోయింది. చీర కుచ్చిళ్లు కొంచెం కంటికి ఆనుతున్నాయి. కింద రెండు పాదాలు మాత్రం చక్కగా, స్పష్టంగా, మెట్టెలతో సహా ఉన్నాయి.

దాన్ని వాడికి పంపి, ఫోన్ బల్ల మీద పెట్టి, భయపడుతూ కూర్చున్నాను. జవాబు రాలేదు. కాసేపటికి మనిషే వచ్చాడు. మెస్సు నిండా జనం. వాళ్ల మధ్య నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

పెత్రమాస రోజు వంట నేనే చేసి తీసుకెళ్లాను. ఫొటో పటం కట్టించారు. మా అందరికంటే పెద్దవాడు, కనకలక్ష్మి అన్న నర్సింగం సూరత్ శివారు ఉన్ నుంచి వచ్చాడు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని పటాన్ని చాలాసేపు చూశాడు. "మొఖం లేదేంది బావా?" అన్నాడు.

"అది కొంగు కప్పుకుంది," అన్నాడు సోమలింగం.

హిమశ్రీ చాటలో బియ్యం, పప్పు, బీరకాయలు పెట్టింది. పటానికి పూలదండ వేస్తే పాదాల మీదికి జారింది, ఆ పిల్ల దాన్ని పైకి సర్దింది. అప్పుడు సోమలింగం లేచి, ముందుకు వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో ఆ పాదాలను తాకి తల ఆనించాడు.

నర్సింగం కంగారుపడ్డాడు. "అరే, ఏంది బావా గది? పెండ్లాం కాళ్లు మొక్కుతరా? ఎవ్వలన్న మొక్కుతరా?" మా వైపూ మొక్కరు. అయినా నేను ఆయన భుజం పట్టుకుని ఆపాను.

సోమలింగానికి ఆ మాట వినబడిందో లేదో తెలియదు. అద్దం మీద వేళ్లు అలాగే ఉంచి, సంచాల దగ్గర పనిచేసి పనిచేసి ఎప్పుడూ గట్టిగా మాట్లాడటమే అలవాటైన మనిషి, మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"కాళ్లు నొస్తున్నయన్నవ్ గద. ఇగ నడువకే. ఆగు."