ఎడమ బుట్ట, కుడి బుట్ట

మరాఠీ ఊళ్ళో తెలుగు నేతగాళ్ళ వాడ దాజీ పేట్. అక్కడ మా ఇంటి మగ్గానికి చెరోవైపు ఒక బుట్ట ఉండేది. కుడి బుట్టలో ముదురు ఎరుపు నూలు చుట్టిన కండెలు, ఎడమ బుట్టలో ముదురు ఆకుపచ్చవి. కండెలు చుట్టేది అమ్మ, పెట్టేదీ అమ్మే. నేనెప్పుడైనా అటుదిటు వేస్తే వీపు మీద ఒకటి పడేది. ఎందుకని అడిగితే, "మా అమ్మ గట్లనే పెడుతుండె" అనేది. దేవుడి పటం ఏ గోడకు ఉండాలో కూడా అదే గొంతుతో చెప్పేది కాబట్టి, ఇదీ ఏదో ఆచారమే అనుకున్నాను.

నేను కాలేజీలో చేరిన ఏడాది దసరా ముందు ఇంటికి సున్నం వేశాం. అమ్మమ్మకు జ్వరమని అమ్మ జోడ్‌భావి పేట్ వెళ్ళింది. బుట్టలతో సహా సామానంతా వాకిట్లో వేసి, మళ్ళీ లోపల సర్దింది మా నాయనమ్మ. మర్నాడు అన్న మగ్గం మీద కూర్చుని చాదర్ దుప్పటి నేశాడు. సాయంత్రం నాన్న వచ్చి చూస్తే అంచంతా ఆకుపచ్చ పువ్వులు, ఎర్రటి ఆకులు.

"కండ్లు నెత్తికెక్కినయా?" అన్నాడు నాన్న.

"మంచిగనే ఉన్నది గదా నాయినా. ఏమైంది?" అన్నాడు అన్న.

అన్న ఎదురు చెప్పే మనిషి కాదు. చాదర్‌ను వెలుతురులోకి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశాడు. తర్వాత నా మొహం వైపు చూశాడు, ఏమైందో నేనైనా చెప్తానని.

కళ్ళ డాక్టరు దగ్గరకు నేనూ వెంట వెళ్ళాను. చుక్కల బొమ్మల్లో నాకు కనిపించిన అంకెలు అన్నకు కనిపించలేదు. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదనీ, అది పుట్టుకతో వచ్చిందనీ, మందు లేదనీ చెప్పాడు డాక్టరు. చేతులు కడుక్కుంటూ మరాఠీలో ఇంకో మాట అన్నాడు. "ఆయీకడూన్ యేతం." తల్లి నుంచి వస్తుందని.

ఇంటికి వచ్చాక నాయనమ్మ అందుకుంది. "కోడలి దిక్కు రక్తంల ఉన్నది. మా దిక్కు గిసొంటిది లేదు."

"అత్తా, మా నాయిన నీ తోడబుట్టిన తమ్ముడే గదా. ఏ దిక్కు రక్తమంటవు?" అంది అమ్మ.

మా అమ్మానాన్నలది మేనరికం. అమ్మ తన మేనత్త కొడుకునే చేసుకుంది. నాయనమ్మ, అట్లయితే మేనరికం వల్లనే వచ్చిందంది. ఆ పెళ్ళికి పట్టుబట్టింది ఆవిడే.

నాకు మాత్రం తల తిరిగిపోయింది. కరెంటు పోయిన గదిలో కూడా అమ్మ నాలుగు రకాల ఎరుపులు విడదీసి పెట్టగలదు. తన దగ్గర లేని లోపాన్ని కొడుక్కు ఎలా ఇచ్చింది? జీవశాస్త్రం మాస్టారుని అడిగితే బోర్డు మీద ఎక్స్ క్రోమోజోములు గీశారు. ఆడవాళ్ళకు అవి రెండు, మగవాళ్ళకు ఒకటే. రంగులు చూపించే జన్యువులు కొన్ని దాని మీదే ఉంటాయట. ఒకదానిలో తప్పున్నా ఆడవాళ్ళను రెండోది ఆదుకుంటుంది. జంట పోగులో ఒకటి తెగినా గుడ్డ నిలిచినట్టు అని నాకు నేను చెప్పుకున్నాను. దీనికి మేనరికంతో పని లేదన్నారు. అమ్మకు వాళ్ళ నాన్న నుంచైనా రావాలి, వాళ్ళమ్మ నుంచైనా రావాలి.

"మరి నాలో ఉందా సార్?"

"ఆడపిల్లవి కదా, ఉండొచ్చు, లేకపోవచ్చు. నీకు కొడుకు పుడితే తెలియొచ్చు, పుట్టినా తెలియకపోవచ్చు."

నాకు ఒళ్ళు మండింది. నా ఒంట్లో ఏముందో నాకే తెలియకపోతే ఈ చదువు ఎందుకు? అడవిలో ఆకుల మధ్య ఎర్రటి పండు కనిపెట్టగలిగిన కోతులు బాగా బతికాయి, మన చూపు అక్కడి నుంచే వచ్చిందంటారు అని కూడా చెప్పారు ఆయన. అది నన్ను ఇంకా గందరగోళంలో పడేసింది.

ఆ ఆదివారమే అమ్మమ్మ దగ్గరికి పోయాను. తాత పోయి చాలా ఏళ్ళయింది. మంచి నేతగాడని పేటలో పేరు.

"తాతకు ఎరుపు, ఆకుపచ్చ తెలుస్తుండెనా?" అన్నాను.

అమ్మమ్మ చుడుతున్న బీడీని చాటలో పెట్టింది. "ఎందుకు తెల్వదు? అన్ని తెలుస్తుండె." బీడీని మళ్ళీ చేతికి తీసుకుని, "నేను పెట్టిన జాగల కెల్లి తీస్తే అన్ని తెలుస్తుండె" అంది.

అంటే తాతకు ఆకుల్లో పండు కనిపించకపోయినా అమ్మమ్మ ఉంది. అమ్మమ్మ బుట్టలు అమ్మకు వచ్చాయి. అన్న సంగతి అమ్మకు ముందే తెలుసా? ఇంటికి వచ్చి అమ్మనే అడిగాను. "కండెలు చుట్టు ముందుగాల" అంది. బుట్టలు మళ్ళీ వాటి చోటికి వచ్చాయి, అన్న మళ్ళీ నేశాడు.

నా పెళ్ళయి నీలం నగర్ వచ్చాను. కొడుకు పుట్టాడు. వాడు నడక నేర్చిన వారమే అమ్మ రెండు బుట్టలు పట్టుకుని వచ్చింది. నేతలో మిగిలిన కండెలు వాటిలో వేసి, తలుపుకు కుడివైపు ఎర్రవి, ఎడమవైపు ఆకుపచ్చవి పెట్టింది.

"వీనికి ఉన్నదని నీకెట్ల తెలుసు?" అన్నాను.

"నాకేం తెల్వదు బిడ్డా. ఉంటే ఉంటది, లేకుంటే లేదు. బుట్టలు జాగల ఉంటే ఏం పోతది?"

వాడికి మాటలొచ్చాక, ఎర్ర కండె తెమ్మంటే కుడి బుట్టలోంచి తెచ్చేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. మా ఆయన సంబరపడ్డాడు. వాడు కండెను చూసి తెస్తున్నాడో, బుట్టను చూసి తెస్తున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. బుట్టలు అటుదిటు వేస్తే తెలుసుకోవడం ఎంతసేపు?

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు రెండు చేతులతో రెండు బుట్టలూ ఎత్తాను. వాడు ఎప్పుడు లేచాడో, గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నవ్ అమ్మా?"

"ఏం లేదు బిడ్డా, దుమ్ము తుడుస్తున్న" అన్నాను.

నిజంగానే కింద తుడిచాను. తుడిచి, కుడిది కుడివైపు, ఎడమది ఎడమవైపు పెట్టాను.